పరదాలో పెరిగిన బిడ్డకు ఈ టీకా ఎందుకు?

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నివారించే హెచ్.పి.వి. టీకా ప్రస్తావన వచ్చినప్పుడు మన ఇళ్లలో ముందుగా తలెత్తే ప్రశ్న వైద్యానికి సంబంధించినది కాదు. "మా అమ్మాయిని దీనీ వాతావరణంలో పెంచుతున్నాము, ఆమెకు దీని అవసరమేమిటి?" అని తండ్రులు అడుగుతారు. ఆ మాటలో బిడ్డ పట్ల గౌరవమే ఉంది. కాని వ్యాధికి ఆ గౌరవం అడ్డుగోడ కాజాలదు.

ఈ వైరస్ ప్రధానంగా దేహసంబంధం వల్ల సోకుతుంది. సోకిన పురుషునిలో తరచు ఏ లక్షణమూ కనిపించదు. నికాహ్‌కు ముందు వరుని నడవడినీ వంశాన్నీ విచారిస్తాము. అతని దేహంలో ఏముందో ఏ ఖాజీ చెప్పగలరు? మొదటి భార్యను కోల్పోయి ధర్మబద్ధంగా మరల వివాహమాడిన సజ్జనుని ద్వారానైనా అది సంక్రమించవచ్చు. భర్తను తప్ప అన్యుని ఎరుగని ఇల్లాలికి ఈ జబ్బు వస్తే ఆమె శీలాన్ని శంకించే నాలుకలు మన బంధువర్గంలోనే ఉన్నాయి. పతివ్రతలపై నింద మోపడం మహాపాపమని వారికి ఎవరు గుర్తు చేస్తారు?

ఈ టీకా వైరస్ సోకక ముందే పని చేస్తుంది, సోకిన దానిని నయం చేయదు. అందుకే 9 నుండి 14 ఏళ్ల వయసును వైద్యులు అనువైనదిగా చెబుతారు. ఆ వయసులో రెండు మోతాదుల పద్ధతి ఉండగా, ఒక్క మోతాదు కూడా చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో తెలిపింది. జాగ్రత్త తవక్కుల్‌కు విరుద్ధం కాదు. సిరియా దారిలో ప్లేగు వార్త విని హజ్రత్ ఉమర్ (రజి) సర్గ్ నుండి వెనుదిరిగారు. మన హాజీలు మెనింజైటిస్ టీకా వేయించుకునే బయలుదేరుతారు.

భయానికి మరో కారణముంది, దానిని కొట్టిపారేయను. 2009లో ఖమ్మం జిల్లాలో ఒక పరిశోధన ప్రాజెక్టు కింద వేలాది బాలికలకు ఈ టీకా ఇచ్చారు. కొందరు బాలికలు మరణించగా 2010లో దానిని నిలిపివేశారు. ఆ మరణాలకు టీకా కారణమని విచారణలో తేలలేదు. కాని ఎన్నో అంగీకార పత్రాలపై తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు చేశారు. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం ఆ వ్యవహారాన్ని తీవ్రంగా తప్పుపట్టింది. నా దృష్టిలో ఆ అన్యాయం టీకాది కాదు, తల్లిదండ్రుల హక్కును కాజేసినవారిది.

కనుక ఆ హక్కును వినియోగించుకోండి. పత్రాన్ని మీకు వచ్చిన భాషలో చదివించుకోండి. బిడ్డకు అలర్జీలుంటే ముందే చెప్పండి. సూది ఎందుకో తల్లి ఆమెకు వయసుకు తగిన మాటల్లో వివరించాలి. టీకా వేయించుకున్నా పెద్దయ్యాక క్యాన్సర్ పరీక్షలు తప్పవు. ముప్పై దాటిన తల్లులు ఆ రోజునే తమ పరీక్ష గురించి కూడా డాక్టరమ్మను అడిగి రావచ్చు.