వకీలు ఫీజుకి లెక్క అడిగేదెవరు?

మైపాడు వైపు పట్టపుపాలెంలో చేపలమ్మి ఇల్లు నడిపే స్త్రీ భర్త హైవే మీద లారీ కింద పడి చనిపోయాడనుకుందాం. నష్టపరిహారం కోసం నెల్లూరు ట్రిబ్యునల్‌కి పోవాలి. వకీలుకి ముందే ఇవ్వడానికి చేతిలో డబ్బు లేదు. "ఇప్పుడేమీ వద్దమ్మా, వచ్చినదాంట్లో ఇంత శాతం ఇద్దువులే" అన్న మాట ఆమెకి దయలాగే వినిపిస్తుంది.

ఆ ఒప్పందం చెల్లదు. కేసు ఫలితాన్ని బట్టి ఫీజు మాట్లాడుకోవడాన్ని, వచ్చిన సొమ్ములో వాటా తీసుకోవడాన్ని బార్ కౌన్సిల్ నిబంధనలే నిషేధించాయి. అది వృత్తిపరమైన దుష్ప్రవర్తన అని సుప్రీంకోర్టు 1954లోనే చెప్పింది. 2017 డిసెంబరు 5న మరోసారి చెప్పాల్సి వచ్చింది, అదీ మన తెలుగు నేల నుంచి వెళ్ళిన కేసులో. 1998లో రోడ్డు ప్రమాదంలో భర్తను పోగొట్టుకున్న స్త్రీ, ఫీజు కింద అప్పటికే 10 లక్షలు ఇచ్చానని చెప్పింది. అయినా పరిహారంలో శాతం లెక్కగట్టి 2014లో ఆమె దగ్గర మరో 3 లక్షలకు చెక్కు తీసుకున్నారు. చెక్కు చెల్లలేదు. వకీలు ఆమె మీదే క్రిమినల్ కేసు పెట్టాడు. హైకోర్టు కొట్టివెయ్యనన్నది. జస్టిస్ గోయల్, జస్టిస్ లలిత్‌ల బెంచి కొట్టివేసింది.

గెలుపే, కాదనను. కానీ ఆమె ముద్దాయి అయ్యాక, ఢిల్లీ దాకా పోగలిగాక మాత్రమే ఆ ఫీజు న్యాయమా కాదా అని ఒక కోర్టు చూసింది! పట్టపుపాలెం స్త్రీ ఎక్కడిదాకా పోగలదు? బార్ కౌన్సిల్‌కి ఫిర్యాదు చెయ్యవచ్చు, నిజమే. అక్కడ విచారించేదీ వకీళ్ళే.

నిరక్షరాస్యుల పరిహారం ఎవరూ కాజేయకుండా బ్యాంకులో డిపాజిట్ చెయ్యాలని 1990ల తొలినాళ్ళలోనే కేరళ ఆర్టీసీ కేసులో సుప్రీంకోర్టు నియమం పెట్టింది. ఆమె అన్నదమ్ముల్నీ మరుదుల్నీ అనుమానించిన న్యాయవ్యవస్థకి, తన ఎదుటే నల్లకోటు వేసుకుని నిలబడ్డ మనిషి మీద మాత్రం అనుమానం రాలేదు. ఇది పొరపాటు కాదు. వృత్తి తనను తాను కాపాడుకునే పద్ధతి. ఇంగ్లండులో 1974 సొలిసిటర్ల చట్టం ప్రకారం బిల్లు అందిన నెలలోపు అడిగితే కోర్టు దాన్ని పరిశీలించాలి. ఇక్కడ ఫీజుల మీద 1988లో లా కమిషన్ 131వ నివేదిక మాట్లాడింది, 2017 తీర్పు దాన్ని గుర్తు చేసింది, చట్టం మాత్రం రాలేదు.

శాతం లేకపోతే పేదల కేసు ఎవరు పడతారని అంటారు. 1987 న్యాయసేవల చట్టం 12వ సెక్షన్ ఆదాయంతో నిమిత్తం లేకుండా ప్రతి స్త్రీకీ ఉచిత వకీలుకి హక్కు ఇచ్చింది. ఆ వకీలు వాయిదాకి శ్రద్ధగా వస్తాడా అన్న ప్రశ్న వేరు, దానికీ పోరాడాల్సిందే. కానీ ఒక లోపాన్ని చూపించి ఇంకో దోపిడీని సమర్థించలేం.

మనం అడగాల్సింది ఇది. సొమ్ము విడుదల చేసే రోజున జడ్జి ఆమెను పిలిచి, వకీలు పక్కన లేకుండా, తెలుగులో, ఎంత ఇచ్చావు, ఎంత అడిగారు అని విచారించాలి. వకీలు ఫీజు మెమో దాఖలు చెయ్యాలి. ఎక్కువైతే తగ్గించే అధికారం ట్రిబ్యునల్‌కి ఉండాలి. అంతవరకు సంఘాల్లో ప్రతి స్త్రీకీ చెప్పుకుందాం: రసీదు లేకుండా పైసా ఇవ్వొద్దు, ఖాళీ చెక్కు మీద సంతకం పెట్టొద్దు. ఫీజు బాకీ ఉందని కాగితాలు ఆపితే, ఆ హక్కు వకీలుకి లేదని 2000లోనే సుప్రీంకోర్టు చెప్పిందని గుర్తు చేసి, కట్ట తిరిగి అడిగి తెచ్చుకోవాలి.