శూన్య నిల్వ, నిండు లెక్కలు

కేంద్ర ప్రాయోజిత పథకాల నిధులను రాష్ట్రస్థాయిలో ఒకే నోడల్ ఏజెన్సీ ఖాతా ద్వారా ఖర్చు చేయాలన్న నిబంధన 2021 జూలై 1న అమలులోకి వచ్చింది. దానితో సమగ్ర శిక్ష కింద ప్రభుత్వ బడికి మిగిలింది శూన్య నిల్వ ఖాతా. బ్యాంకుల్లో మూలుగుతున్న ప్రజాధనానికి లెక్క ఉండాలన్న ఉద్దేశం సమంజసమే. అయితే ఢిల్లీకి వృథా నిల్వగా కనిపించేదే, వానకు కారే తరగతి గదికి ఆపద్ధనం.

ముప్పై మంది లోపు పిల్లలున్న బడికి ఏడాదికి నిర్దేశించిన ఉమ్మడి గ్రాంటు 10 వేల రూపాయలు. అందులో కనీసం పది శాతం పారిశుద్ధ్యానికే వెచ్చించాలి. ఆ స్వల్ప మొత్తమూ మార్చి ముంగిట విడుదలైతే, అవసరం వెనక్కి పోయి వినియోగ ధ్రువపత్రమే లక్ష్యమవుతుంది. ఖర్చు కానిది మురిగిపోతుంది. జాప్యం చేసిన ప్రభుత్వాన్ని మాత్రం ఎవరూ సంజాయిషీ అడగరు.

విద్యాహక్కు చట్టంలోని 21వ సెక్షన్ గ్రాంట్ల వినియోగంపై పర్యవేక్షణను పాఠశాల యాజమాన్య కమిటీకి అప్పగించింది. అందులో 75 శాతం తల్లిదండ్రులే. నిధుల విడుదల తేదీలను ఆ కమిటీ ముందుంచాలి. గ్రాంటులో కొంత భాగాన్ని మరుసటి ఏడాదికి నిల్వ చేసుకోనివ్వాలి. జవాబుదారీతనం బడి నుంచి ఢిల్లీకే కాదు, ఢిల్లీ నుంచి బడికీ ఉండాలి.