ఆ రెండక్షరాలు

మొన్న సాయంత్రం మొదటి సంవత్సరం కుర్రవాడొకడు నా గదికి వచ్చి, "మాస్టారూ, నేనింక ఇంగ్లీషు క్లాసుకు వెళ్ళనండి" అన్నాడు. ఆ పూట పాఠం పైకి చదువుతూ 'వాకెడ్' అన్నాడట, 'లుకెడ్' అన్నాడట. క్లాసంతా గొల్లుమన్నదట. అలా నవ్విన వాళ్ళలో సగంమందికి ఆ మాటలు అలాగే వచ్చునని నేనెరుగుదును.

తెలుగు మాస్టారి దగ్గరికి ఇంగ్లీషు జబ్బు తెచ్చాడేమిటా అనుకున్నాను గాని, మందు మన పెట్టెలోనే ఉన్నది.

"పరుషాలేమిటోయ్?"

"క చ ట త పలండి."

"వాక్ చివర ఉన్నది?"

"కకారం."

"పరుషం పక్కన డకారం నిలవలేదు. తానూ పరుషమై టకారమవుతుంది. వాక్ట్, లుక్ట్, స్టాప్ట్. సకార షకారాల తరవాతా అంతే: పాస్ట్, వాష్ట్. బెగ్, కాల్, ప్లే వంటి వాటి మీద డకారంగానే ఉంటుంది: బెగ్డ్, కాల్డ్, ప్లేడ్. ఇక వాంట్, నీడ్ ఉన్నాయి చూడు, టకార డకారాల మీద ఇంకొక డకారం పలకాలంటే నాలుక మొరాయిస్తుంది. అందుకని నడుమ ఇకారం వచ్చి కూర్చుంటుంది: వాంటిడ్, నీడిడ్."

మన సరళాదేశ సంధిలో పరుషం సరళమవుతుంది. వాళ్ళది తలకిందులు, అంతే.

అతను కాసేపు ఆలోచించి, "పలకని 'ఈ'ని రాయడం దేనికండీ?" అన్నాడు.

ఆ ప్రశ్న నవ్విన వాళ్ళెవరికీ తట్టలేదు. పూర్వం దాన్ని పలికేవారు గనకనే రాశారు. 'గలివరు యాత్రలు' వ్రాసిన జొనాథన్ స్విఫ్ట్ 1712లో ఇంగ్లీషు భాష బాగుకోసం ప్రకటించిన లేఖలో, కవులు ఆ అచ్చును మింగేసి హల్లుల్ని గుద్దుకునేట్టు చేస్తున్నారని మండిపడ్డాడు. మనవాడు చదివినట్టు చదివితే ఆయన సంతోషించేవాడేమో! ఆ పాత పలుకు కొన్ని మాటల్లో ఇంకా బతికే ఉన్నది. పండితుణ్ణి 'లర్నిడ్' అంటారు, 'లర్న్‌డ్' అనరు. కోర్టులో ప్లీడర్లు ఎదుటి ప్లీడరును రోజూ అలాగే గౌరవిస్తారు. బ్లెసిడ్, రెచిడ్ కూడా ఆ బాపతే.

ఆ రోజు అతనికి చెప్పలేదు గాని, ఈ రెండక్షరాల అసలు తిప్పలు పలుకులో లేవు. 'వండింది', 'వండిన', 'వండబడిన' అని మనం మూడు రూపాలు పెట్టుకున్నచోట వాళ్ళకు 'కుక్ట్' ఒక్కటే. వాక్యంలో అది కూర్చున్న తావును బట్టి పని తెలుసుకోవాలి. మనకు వండిన అన్నమూ ఉన్నది, వండిన అమ్మాయీ ఉన్నది. అన్నాన్ని 'కుక్ట్ రైస్' అనవచ్చు. అదే వరసలో అమ్మాయిని 'కుక్ట్ గర్ల్' అన్నామో, పాపం, ఆమెను కుండలో వేసి ఉడికించినట్టే! వండిన మనిషిని చెప్పాలంటే 'హూ' అని మొదలుపెట్టి వేరే వాక్యం తగిలించాలి. ఇది తెలియక దిద్దుబాటు ఎర్రగీతలు తిన్నవాళ్ళలో నేనూ ఒకణ్ణి. ఎందుకు తప్పో అప్పట్లో నాకెవరూ చెప్పలేదు.

నిన్న ఆ కుర్రవాడు వరండాలో ఎదురుపడ్డాడు. ఇంగ్లీషు క్లాసునుంచే వస్తున్నాడు.

"అన్నీ వచ్చాయండి, 'ఆస్క్' మీద మాత్రం నోరు తిరగడం లేదు" అన్నాడు.

సకారం, కకారం, టకారం మూడూ ఒక్కచోట. అది నాకూ తిరగదు. ఆ మాటే చెప్పాను.