కడుపులోని కాపలాదారులు

జ్వరమని ఆస్పత్రిలో చేరి, జ్వరం తగ్గి, విరేచనాలు పట్టుకొని యింటికి వచ్చే రోగులు కొందరుంటారు. “ఆస్పత్రి నీళ్ళు పడలేదు” అని యింటివారు సరిపెట్టుకొంటారు. ఒక్కొక్కప్పుడు నేరం నీళ్ళది కాదు, వాడిన మందుది.

మన పెద్దప్రేవులో కోటానుకోట్ల సూక్ష్మజీవులు కాపురం వుంటున్నవి. క్రిమి అనగానే మనకు భయం గాని, వీటిలో హెచ్చుభాగం మేలు చేసేవే. మనకు అరగని పీచును యివి అరగదీస్తవి. అంతకంటె ముఖ్యం, వున్న చోటూ తిండీ తామే ఆక్రమించుకొని, కొత్త క్రిమిని తిష్ఠ వేయనీయవు.

ఏంటీబయాటిక్ మందుకు శత్రువనీ మిత్రుడనీ భేదం లేదు. ఊపిరితిత్తులలోని క్రిమి కోసం యిచ్చిన మందు ప్రేవులలోని కాపలాదారులను కూడా చంపుతుంది. యజమాని లేని యింట్లో దొంగ దూరినట్లు, అప్పుడు క్లాస్ట్రిడియమ్ డిఫిసిలి అనే క్రిమి విజృంభిస్తుంది. దీనిని మొదట 1935లో పసిపిల్లల మలంలో కనుగొన్నారు. పసివాళ్ళకు దానివల్ల సాధారణంగా హాని లేదు. పెద్దల ప్రేవును పుండుచేసే విషం దీనిదేనని 1978లో గాని తేలలేదు. వృద్ధులకు యిది ప్రాణాంతకం కూడా కావచ్చును.

ఈ క్రిమి గట్టి పెంకు కట్టుకొని మంచం పట్టీల మీదా, బెడ్‌పాన్‌ల మీదా నెలల తరబడి బ్రతుకుతుంది. చేతులకు రాసుకొనే స్పిరిట్ మందు ఆ పెంకును ఏమీ చేయలేదు. సబ్బుతో రుద్ది, ధారగా నీళ్ళు పోసి కడిగితేనే పోతుంది.

ఆస్పత్రిలో అంటే జబ్బులన్నీ బయటినుంచే వస్తవనుకోరాదు. ప్రేవులో బుద్ధిగా వుండే ఇ. కోలై, క్లెబ్‌సియెల్లా వంటివి మూత్రపు గొట్టం వెంట లోపలికి ప్రాకితే అక్కడ జబ్బు తెస్తవి.

మరి పోయిన కాపలాదారులను తిరిగి తేవడం యెలా? అమెరికాలోని డెన్వరులో బెన్ ఐస్‌మన్ అనే సర్జనూ ఆయన సహచరులూ 1958లో ఒక విచిత్ర వైద్యం ప్రకటించారు. ఆరోగ్యవంతుల మలాన్ని ఎనీమాగా యిచ్చి నలుగురు రోగులను బ్రతికించారు. వినడానికి రోతగా వున్నా, 2013లో డచ్చి వైద్యుల పరీక్ష దీనిని బలపరచింది. జబ్బు తిరగబెట్టిన 16 మందికి శుద్ధిచేసిన మలద్రావణం ప్రేవులోనికి యెక్కించగా, మొదటిసారికే 13 మందికి నయమైంది. వాంకోమైసిన్ మాత్రమే పుచ్చుకొన్న 13 మందిలో నయమైనది నలుగురికే. 2023లో అమెరికా ప్రభుత్వం ఇటువంటి క్రిములతో చేసిన గొట్టం మాత్రకు అనుమతి యిచ్చింది. ఇది యింట్లో చేసుకొనే చిట్కా మాత్రం కాదు సుమా! దాత రక్తాన్నీ మలాన్నీ పరీక్షించకపోతే కొత్త జబ్బు అంటుకొంటుంది.

గృహిణులు గుర్తుంచుకోవలసినవి కొన్ని. జలుబుకు ఏంటీబయాటిక్ పనిచేయదు, షాపులో అడిగి కొనవద్దు. డాక్టరు అవసరమని వ్రాస్తే మానవద్దు. ఆ మందు వాడుతున్నప్పుడుగాని, మానిన కొన్ని వారాలలోగాని, రోజుకు మూడు, అంతకు మించి నీళ్ళ విరేచనాలైతే, వాడిన మందు పేరుతో సహా డాక్టరుకు చెప్పండి. ఆయనను అడగకుండా విరేచనాలు కట్టే మాత్ర వేయవద్దు. ఆస్పత్రిలో రోగికి అన్నం కలిపి పెట్టేముందు, బెడ్‌పాన్ తీసిన తరువాత, సబ్బుతో చేతులు కడుక్కోండి. వెళ్ళేటప్పుడు సంచిలో పళ్ళతోపాటు ఒక సబ్బుబిళ్ళ కూడా పడవేసుకొంటే సరి.