గృహయంత్ర విషయములు: చీకటి యగు ల్యాప్‌టాపు తెర

పూర్వ మింటిలో దీపము కొడిగట్టినచో గృహిణి ముందుగా ఒత్తిని జూచెడిది, పిదప నూనెను జూచెడిది. ప్రమిదను పారవైచి క్రొత్తది తెమ్మనెడిది కాదు. నేడు మన యిండ్లలో ల్యాప్‌టాపు తెర చీకటి యైనచో మాత్రము తెరయే చెడిపోయినదని యెల్లరును తలంచుచున్నారు. మరమ్మతు అంగడివారిలో పలువురు ఆ తలంపునే బలపరచి పంపుచున్నారు. ఈ విషయమును గూర్చి సోదరీమణులకు నాలుగు మాటలు చెప్పవలెనని మాకు తోచుటకు, మొన్న మా కండ్లయెదుట జరిగిన యొక సంగతి కారణము.

మా ప్రక్క వాటాలో నొక యమ్మాయి కాపురమున్నది. భర్త పోయి రెండేండ్లయినది. గణితమున పట్టము పొందినది కావున, అమెరికాలోని తెలుగువారి పిల్లలకు ల్యాప్‌టాపు ముందు కూర్చుండి లెక్కలు చెప్పుచు, ఆ వచ్చుదానితో కొడుకును చదివించుకొనుచున్నది. వారి సాయంకాలము మనకు తెల్లవారుజాము. ఐదు గంటలకే యామె గదిలో దీపము వెలుగును. ఇట్లుండగా పాఠము నడుమ తెర యొక్కసారిగా నల్లబడుట మొదలైనది. మాటయు తెగిపోవును. ఆమె కంగారుపడి యేదో చేయులోపల మరల వచ్చును. ఒక పిల్లవాని తల్లి, "మీ ఊళ్ళో కరెంటు సరిగా ఉండదా అండీ?" అని మర్యాదగానే యడిగినదట. మరుసటి వారము నుండి ఆ పిల్లవాడు పాఠమునకు రాలేదు. మిగిలినవారు నలుగురు. వారిలో నింకొకరు మానినచో ఇంటి యద్దెకే లోటు.

అంగడికి గొంపోయినది. అక్కడ యంత్రము గంటసేపు నిక్షేపముగా వెలిగినది. ఐనను తెర మార్చవలెననియు, 8,500 రూపాయలగుననియు చెప్పి పంపినారు. ఆ సాయంకాలము మా యింటికి వచ్చి, "పిన్నిగారూ, రెండు గాజులు కుదువ పెట్టి కొత్తదే కొనేస్తే నయమేమో" అని యన్నది. వెలుగుచున్న తెరను జూచి చెడినదని చెప్పినవారి మాట మాకు రుచింపలేదు. గాజుల సంగతి రెండు దినము లాపుమని చెప్పి, పాఠము వేళకు మేమే వచ్చి కూర్చుందుమని మాట యిచ్చితిమి.

మొదటి దిన మేమియు కాలేదు. రెండవ దినము భిన్నములు చెప్పుచు, వేళ యెంతైనదో చూచుటకు గూటిలోని ఫోను తీసి చూచి, దానిని కీబోర్డు ప్రక్కన ఎడమచేతి వైపున యంత్రముపైననే పెట్టినది. తెర చీకటి. వెంటనే పిల్లవాని తల్లికి క్షమాపణ చెప్పుటకై ఫోను చేతికి తీసికొన్నది. తెర వెలిగినది! సంకేతపదము నడుగుచు నిలిచినది. ఆమె ఆ సంగతి గమనింపనే లేదు. ప్రతిసారి నిట్లే జరుగుచున్నదని పిదప నడుగగా తెలిసినది. పాఠము ముగిసిన వెనుక ఫోనును దాని తొడుగు నుండి తీసి ఒంటిగా అదే చోట పెట్టించితిమి. ఏమియు కాలేదు. తొడుగును మాత్రము పెట్టించితిమి. తెర యారిపోయినది. పుస్తకపు అట్టవలె మూసికొను ఆ తొడుగు అంచున నొక చిన్న అయస్కాంత మున్నది. రోగమంతయు నదియే.

ల్యాప్‌టాపు మూత వేసినపుడు యంత్రము నిద్రించునని మీకు తెలిసినదే. మూత పడినదని దాని కెట్లు తెలియును? పెక్కు యంత్రములలో తెర చట్రమున నొక చిన్న అయస్కాంతమును, దాని కెదురుగా కీబోర్డు వైపున అయస్కాంతమును కనిపెట్టు నొక గుర్తింపు పరికరమును అమర్చుదురు. అమెరికా దేశీయుడగు ఎడ్విన్ హాల్ 1879లో కనుగొనిన యొక ధర్మముపై నిది పనిచేయును గనుక దానికి హాల్ సెన్సారని పేరు. అయస్కాంతము దగ్గరకు వచ్చినచో మూత పడినదని యెంచి అది యంత్రమును పండుకొనబెట్టును. ఆ వచ్చినది మూతలోని అయస్కాంతమో, ఫోను తొడుగులోనిదో దానికి భేదము తెలియదు. చేతిసంచి బొత్తాము, కొన్ని చేతిగడియారముల పట్టీలు, ఒక ల్యాప్‌టాపుపై పెట్టిన మరియొక ల్యాప్‌టాపు, ఇవన్నియు నీ పని చేయగలవు. కొన్నింట ఫోను లోపలి అయస్కాంతమే చాలును. బంగారు గాజులపై మాత్రము అనుమానము వలదు. బంగారమును వెండియు అయస్కాంతములు కావు.

అందరి యింటను కారణ మిదియే యని మే మనుటలేదు. చీకటి యొక్క రకము కాదు, కావున మొదట నది యే చీకటియో తెలిసికొనవలెను. తెర నల్లబడినపుడు క్యాప్స్ లాక్ మీటను నొక్కి చూడుడు. దాని చిన్నదీపము వెలిగి యారుచున్నచో, లేదా పాట, మాట వినబడుచున్నచో యంత్రము మేలుకొనియే యున్నది, తెర మాత్రమే చీకటి. దీపము కదలకున్నచో యంత్రము నిద్రించినది, లేదా స్తంభించినది, లేదా యారిపోయినది. పూర్తిగ చీకటి గాక మసకబారుట మాత్రమే యైనచో అది మూడవ సంగతి.

మసకబారుటకు సాధారణముగా యంత్రపు పొదుపే కారణము. బ్యాటరీ తగ్గినపుడు, ఏర్పాటును బట్టి 20 శాతమునకో 30 శాతమునకో, విండోస్ తనంతట తానే వెలుగును తగ్గించును. ఛార్జరు పెట్టగనే వెలుగు హెచ్చినచో అనుమానము తీరినట్లే. కొన్ని యంత్రములకు గదిలోని వెలుతురును కొలుచు కన్ను కలదు. కిటికీ తలుపు మూసినచో తెరయు తగ్గును. మరికొన్ని, తెరపై నల్లని బొమ్మ వచ్చినపుడు వెలుగు తగ్గించి, తెల్లని కాగితము వచ్చినపుడు హెచ్చించును. చలనచిత్రము చూచునపుడు వెలుగు ఊగిసలాడుట దీనివలననే. క్రొత్తవానిలో కొన్ని మనిషి యెదుట లేకున్నను, మొగము ప్రక్కకు త్రిప్పినను వెలుగు తగ్గించును. పొయ్యిమీద కూరను చూచుకొనుచు పని చేసికొను గృహిణి కిది యెంత చిరాకో ఆ యేర్పాటు చేసినవారికి తెలియునో లేదో! ఇవన్నియు సెట్టింగులలో డిస్‌ప్లే, పవర్ అను భాగములలో మాన్పుకొనదగినవి. ఇన్ని నిమిషములు ముట్టకున్న తెర యారవలెనను గడువును ఆ పవర్ భాగముననే యుండును; బ్యాటరీపై నున్నపు డొక గడువు, కరెంటుపై నున్నపు డొక గడువు, రెంటిని వేరువేరుగా చూడవలెను.

యంత్రము మేలుకొని తెర మాత్రము చీకటి యైనపుడు కొంచె మోర్పు కావలెను. మొదట వెలుగు హెచ్చించు మీటను పలుమారు నొక్కుడు. పసివాండ్రున్న యిండ్లలో ఈ యొక్కదానితోనే పని తీరుట కలదు. పిదప విండోస్ గుర్తుగల మీట, కంట్రోల్, షిఫ్ట్, బి అను నాలుగింటిని ఒక్కసారిగా నొక్కినచో చిన్న కూత వినబడి, బొమ్మలను తెరకు పంపు భాగము తిరిగి మొదలగును. విండోస్ మీటతో పి నొక్కినచో బొమ్మ యే తెరకు పోవలెనో అడుగును. ఎన్నడో టెలివిజనుకు తగిలించి మరచినవారికి ఇది పనికివచ్చును. ఇవి పనిచేయకున్నచో యంత్రము నార్పి, ఛార్జరును ఊడదీసి, ఆన్ చేయు మీటను అర నిమిషము నొక్కి పట్టి, పిదప మరల వెలిగింపుడు. తాత్కాలికపు చిక్కులు పెక్కు దీనితో పోవును. చేసిన పని భద్రపరచక యార్పినచో అది పోవునని మరువవలదు.

అప్పటికిని చీకటియే యైనచో మాకు మిక్కిలి నచ్చిన పరీక్ష యొకటి కలదు. గదిలో దీపము లార్పి, టార్చిలైటును తెరకు దగ్గరగా, ఏటవాలుగా పట్టి చూడుడు. నీటి అడుగున నున్న ముగ్గువలె అక్షరములు లీలగా కనబడునా? కనబడినచో బొమ్మ బాగుగనే యున్నది, దాని వెనుక దీపమే వెలుగుట లేదు. ల్యాప్‌టాపు తెరలలో నత్యధికభాగము ద్రవస్ఫటికపు తెరలు. ప్రాగులో నున్న రైనిట్జర్ అను వృక్షశాస్త్రజ్ఞుడు 1888లో కనిపెట్టిన యీ వింత పదార్థమునకు తన వెలుగు లేదు. వెనుకనుండి వచ్చు వెలుగును పోనిచ్చుటయో ఆపుటయో దాని పని. తోలుబొమ్మలాటలో తెరవెనుక దీప మారినచో బొమ్మలు మాయమగును గాని, బొమ్మలు చిరిగిపోలేదు గదా! ఓలెడ్ అను జాతి తెరలకు మాత్రము ప్రతి చుక్కయు తానే వెలుగును గనుక, వానికీ పరీక్ష చెల్లదు.

మరియొక పరీక్ష, హెచ్.డి.ఎమ్.ఐ. తీగతో ఇంటి టెలివిజనుకు తగిలించుట. అందులో బొమ్మ చక్కగా వచ్చినచో యంత్రపు గుండెకాయ బాగున్నది; దోషము తెరలోనో, తెరకు పోవు తీగలోనో. అందును చీకటియే యైనచో లోపలి పలక సంగతి. అది నేర్పరి చేతిలో పెట్టవలసినదే.

తీగ యంటిమి. అది మడతబందు గుండా పోవును. రోజునకు పదిమారులు మూత తీసి వేయుటచే అది నలుగును. తెరను మెల్లమెల్లగా ముందునకును వెనుకకును వంచి చూడుడు. ఒక వాలున వెలిగి, మరియొక వాలున ఆరుచున్నచో తీగపైననే యనుమానము. ఇది చవుకరకపు యంత్రముల జబ్బు మాత్రము కాదు. ఆపిల్ సంస్థవారు 2016లో వెలువరించిన 13 అంగుళముల మ్యాక్‌బుక్ ప్రో యంత్రములలో కొన్నింటికి తెర అడుగున నాటకరంగపు దీపములవలె వెలుగుచారలు పడుటయు, పిదప వెలుగు పూర్తిగా పోవుటయు జరిగెను. 2019 మే మాసమున ఆ సంస్థవారే వానిని ఉచితముగా బాగుచేయుద మని ప్రకటించిరి. తీగ చెడినచో తీగ మార్చవలెను. తెర మార్చినచో డబ్బు దండుగ. మూతను ఒక మూలన పట్టి లాగక, నడుమ పట్టి తీయుడు.

ఇంతవరకు చెప్పినవానిలో తొందరపడవలసిన దేదియు లేదు. తొందరపడవలసిన దొక్కటి కలదు. యంత్రము అడుగుభాగ ముబ్బినను, వ్రేలితో కదుపు పలక పైకి లేచినను, మూత సరిగా పడకున్నను, లోపలి బ్యాటరీ ఉబ్బినదని యెంచుడు. వెంటనే ఛార్జరు తీసి, యంత్రము నార్పి, పరుపులకు తెరలకు దూరముగా పెట్టి, మరల వెలిగింపక బాగుచేయువారి యొద్దకు చేర్పుడు. ఉబ్బును నొక్కి సరిచేయబోవుటయు, సూదితో పొడుచుటయు నిప్పుతో ఆటయే. లిథియం బ్యాటరీ చిల్లుపడిన మండును. పరుపుమీద, దిండుమీద పెట్టి పనిచేసినచో గాలిరంధ్రములు మూసికొని వేడి హెచ్చునని పిల్లలకు మనము చెప్పుచునే యుందుము, వారు వినకుందురు.

అంగడికి పంపక తప్పనిచో, పంపుటకు ముందు టెలివిజనుకు తగిలించియైనను మీ కాగితములను, చిత్రములను వేరొకచోటికి ఎత్తి పెట్టుకొనుడు. కుటుంబచిత్రములు, బ్యాంకు లెక్కలు గల యంత్రమును సంకేతపదముతో సహా అపరిచితుల చేత పెట్టుట, బీరువా తాళము పెట్టెవాని కిచ్చుట యొక్కటే. తెర మార్చుటకు సంకేతపదముతో పనిలేదు. అడిగినచో ఎందులకని మీరును అడుగుడు. ఏ భాగము మార్చుదురో, ఎంత యగునో వ్రాయించుకొని, మార్చిన పాతభాగమును తిరిగి యిమ్మనుడు. ఆ మాట ముందుగా చెప్పినచోట భాగములు తరచుగా "బాగుపడుట" మేము చూచితిమి. గడువు లోపలి వస్తువునకు డబ్బడిగినను, మోసము తోచినను 1915 అను జాతీయ వినియోగదారుల సహాయసంఖ్యకు ఫోను చేయవచ్చును.

మా ప్రక్కవాటా యమ్మాయి గాజులు చేతులనే యున్నవి. ఫోనుకు నలుబది రూపాయల రబ్బరు తొడుగు కొన్నది. మానిన పిల్లవాని తల్లికి జరిగినదంతయు వివరముగా వ్రాసినది. ఇంకను ప్రత్యుత్తరము రాలేదు. గోడగడియార మొకటి మా యింట ఊరక పడియుండగా, దానిని తుడిచి ఆమె గదిలో తగిలించి వచ్చితిమి.

వచ్చు మాసమున ల్యాప్‌టాపు బ్యాటరీ నాలుగు కాలములు నిలుచు విధమును గూర్చి వ్రాయుదుము.