రేవుకు అడిగారు, రైలుకు అడగరా?

పోయిన నెల మా వాడ వెనక చేలల్లో నలుగురు దిగారు. మూడుకాళ్ల సర్వే మిషను పెట్టి, ఎర్రరంగు పూసిన రాళ్లు పాతుకుంటూ పోయారు. ఏమిటయ్యా అంటే, రేవుకు కొత్త రైలు లైనట. ఒక రాయి మనవాళ్ల డీ పట్టా చెక్కలో పడింది, ఇంకొకటి మా శ్మశానం గట్టున పడింది. ఊరి పెద్దల మాగాణిలో ఎన్ని పడ్డాయో చూద్దామని అటూ నడిచాను. సరిగ్గా అక్కడే లైను వంపు తిరిగింది. వంపుకు ఇంజనీర్లు ఏదో కారణం చెబుతారు. నేనూ లెక్కల మాస్టర్నే, వంపుల సంగతి నాకూ కాస్త తెలుసు.

రైలు వద్దనేవాణ్ణి కాదు. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేను. ఆ డిగ్రీ పాసింజరు బండిలో పోయి చదివిందే. లారీల మీద పోయే బొగ్గు కన్నా రైలు మీద పోయే బొగ్గు నయమని కూడా ఒప్పుకుంటాను. నేనడిగేది వేరే. ఈ కట్ట వేస్తే నీళ్లు ఎటు పోతాయి, శ్మశానానికి దారి ఎటు, కూలి ఎవరికి పోతుంది అని రాసిన కాయితం ఏది? దాన్ని తెలుగులో మనకు చదివి వినిపించేదెవరు?

చట్టప్రకారం ఆ కాయితమే అక్కర్లేదట!

2006 సెప్టెంబరు 14న కేంద్ర ప్రభుత్వం పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ఇచ్చింది. ముందస్తు అనుమతి ఏ పనులకు కావాలో అందులో ఒక పట్టీ ఉంది. రేవు ఉంది, బొగ్గు కరెంటు కేంద్రం ఉంది, హైవే ఉంది. రైలు లైను లేదు. పెద్ద రేవు కట్టాలంటే నివేదిక సారాంశం తెలుగులో ఇవ్వాలి, 30 రోజుల ముందు నోటీసు వెయ్యాలి, కాలుష్య నియంత్రణ మండలి బహిరంగ విచారణ పెట్టాలి, వీడియో తియ్యాలి. ఆ షామియానా కింద ముందు కుర్చీల్లో ఎవరు కూర్చుంటారో మనకు తెలియంది కాదు. అయినా ఒక్కసారన్నా మైకు మన చేతికొస్తుంది. మా పక్కింటి వదిన, సంతకం రాని మనిషి, రేవు విచారణలో లేచి మాట్లాడింది. రైలు దగ్గర ఆ మైకే లేదు.

భూమి సంగతీ అంతే. 2013 భూసేకరణ చట్టంలో సామాజిక ప్రభావ అంచనా అని ఒకటుంది. సెంటు భూమి లేని కూలీ ఏమవుతాడో అది అడగాలి. కానీ రైల్వే చట్టం కింద భూమి తీసుకుంటే ఆ అంచనా అక్కర్లేకుండా 105వ సెక్షను దారి వదిలింది. 2015 నుంచి పరిహారం లెక్క మాత్రం వర్తిస్తుంది. అడవి భూమి పోతే 1980 చట్టం ప్రకారం కేంద్రం అనుమతి కావాలి. చెట్టు గురించి అడగడానికి ఒక శాఖ ఉంది, పల్లె గురించి అడిగే దిక్కు లేదు.

కృష్ణపట్నం రేవు కోసం ఓబులవారిపల్లె నుంచి వెంకటాచలం దాకా నూటపది కిలోమీటర్లకు పైగా లైను వేశారు. వెలిగొండలు తొలిచి 6.6 కిలోమీటర్ల సొరంగం తీశారు. 2019 సెప్టెంబరులో ప్రారంభించారు. సొరంగం పొడవు అందరూ చెబుతారు. కట్ట కింద తూములెన్నో ఎవరినన్నా అడిగి చూడండి.

నా పోరంతా ఆ తూము గురించే. పల్లపు నేలలో రైలు కట్ట అంటే ఇంకో చెరువు కట్టే. ఎగువ చెరువు అలుగు పారితే ఆ నీళ్లు తూములోంచే పోవాలి. తూము చిన్నదైతే వెనక్కి తన్నుతాయి. ఊరు మిట్టన ఉంది, వాడ పల్లాన ఉంది. కాలవగట్టు యానాదుల గుడిసెలు ఇంకా పల్లాన. ఇదేమీ దేవుడు పెట్టిన ఏర్పాటు కాదు.

నీటి లెక్క తప్పితే రైలునూ వదలదు. 2005 అక్టోబరు 29న, అప్పటి నల్లగొండ జిల్లా వలిగొండ దగ్గర, చెరువు తెగిన నీళ్లు చిన్న వంతెనను కొట్టేశాయి. తెల్లవారుజామున డెల్టా పాసింజరు అక్కడ పడిపోయింది. వందమందికి పైగా చచ్చిపోయారు. 2021 నవంబరులో పెన్న పొంగినప్పుడు నెల్లూరు పక్కన పడుగుపాడు దగ్గర రైలు కట్ట కోసుకుపోయి బండ్లు ఆగిపోయాయి.

మన సంఘాలదీ తప్పుంది. పర్యావరణం అంటే పులులు, చెట్లు, పట్నపోళ్ల ముచ్చట అని వదిలేశాం. మోకాలిలోతు నీళ్లలో వంట చేసుకునే మన ఆడవాళ్లది పర్యావరణం కాదా? రేవు విచారణకు మేం ట్రాక్టర్లు కట్టుకుని పోయాం కానీ, సరుకు ఏ దారిన పోతుందని ఒక్కరం అడగలేదు. రేవుంటే రైలు రాక తప్పదు. రామాయపట్నం, మచిలీపట్నం, మూలపేట చుట్టుపక్కల అన్నలూ అక్కలూ, మీరు ఇప్పుడే అడగండి.

చట్టం అడగమనకపోయినా గ్రామసభలో తీర్మానం పెట్టించండి, లైనుకు బహిరంగ విచారణ కావాలని. సమాచార హక్కు కింద 10 రూపాయల పోస్టల్ ఆర్డరు పెట్టి లైను పటం, వంతెనల పట్టీ, తూముల వెడల్పు అడగండి. పేదకార్డు నకలు పెడితే ఆ పది కూడా అక్కర్లేదు. డీ పట్టా కదా, సర్కారు భూమే కదా అని ఎవరన్నా దబాయిస్తే నోరు మూసుకోకండి. అసైన్డు భూమికీ పట్టా భూమితో సమానంగా పరిహారం ఇవ్వాలని 2004లోనే మన హైకోర్టు విస్తృత ధర్మాసనం చెప్పింది.

శ్మశానం గట్టున పాతిన రాయికి పది అడుగుల్లో మా నాయన సమాధి. మొన్న ఆదివారం అక్కడే కూర్చుని దరఖాస్తు రాశాం. రెండే అడిగాం: తూముల లెక్క, శవం మోసుకుపోయే దారి. సంతకాలు పందొమ్మిది, వేలిముద్రలు ఇరవై రెండు. సోమవారం బడికి పోతూ రిజిస్టరు పోస్టు చేశాను.