జాన్‌పహాడు నేర్పు పాఠము

పూర్వము నల్లగొండ జిల్లాలోనిదై 2016లో సూర్యాపేట జిల్లాకు చేరిన జాన్‌పహాడు దర్గా ఉర్సునకు హిందువులు, మహమ్మదీయులు, లంబాడీలు ఏటేట కలసి వచ్చుచున్నారు. ఈ పొత్తు పెద్దలు కూడబెట్టిన ధనము. కాపాడువారు లేనిచో నిలువదు. 1948 ఆగస్టులో హైదరాబాదున ఇమ్రోజ్ సంపాదకుడు షోయబుల్లా ఖాను దారుణహత్యకు గురియైనది ఇండియాలో విలీనమును కోరినందులకే. ద్వేషము తన మతస్థునైనను విడువదు.

కావున ఐక్యతాసంఘములలో చేరు యువకులు ఉపన్యాసములతో తృప్తి పడరాదు. ఉర్సులో నీళ్లందింపవలెను, వదంతి పుట్టిన వాడకు ఇరుమతములవారు జంటగా పోయి నిజము విచారింపవలెను. పీరును కలసి మోసిన చేతులే దళితునకు గ్లాసు వేరు చేసినచో ఆ ఐక్యత బూటకము. ఆ దిద్దుబాటు మన యింటనే మొదలు కావలెను.